ఆదిపాపమా, అనుభవమా?

శాస్త్రజ్ఞులు అలంకారాలు వాడరనీ, అవి కవుల సొత్తనీ మనలో చాలామందికి నమ్మకం. ఈ నమ్మకం ఎంత తప్పో తెలియాలంటే 1960లో అమెరికాలో అచ్చయిన ఒక వైద్యశాస్త్ర వ్యాసం పేరు చూస్తే చాలు. రాసినవాడు థామస్ ఫ్రాన్సిస్. ఫ్లూ జ్వరానికి టీకా తయారుచేసినవారిలో ప్రముఖుడు. మనిషికి పసితనంలో మొట్టమొదట ఏ రకం ఫ్లూ సోకుతుందో దాని ముద్ర వాడి నెత్తుటిలో జీవితాంతం వుండిపోతుందనీ, ఆ తరవాత ఏ కొత్త రకం ఫ్లూ వచ్చినా, ఏ కొత్త టీకా వేసినా, నెత్తురు ముందుగా ఆ పాత శత్రువుకే జవాబు చెబుతుందనీ ఆయన చూపించాడు. చూపించిన విషయం గొప్పది. దానికాయన పెట్టిన పేరు 'యాంటిజెన్ ఆదిపాపం'. ఆదాము చేసిన తప్పుకు అతని సంతతి అంతా శిక్ష అనుభవించాలన్నది క్రైస్తవంలోని ఆదిపాప సిద్ధాంతం. ఆ మాటను తెచ్చి ఆయన నెత్తుటి కణాలకు అంటగట్టాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఇందులో పనేమిటని అడగవచ్చు. నాకున్న పని ఆ మాటతోనే. మాట ఒంటరిగా రాదు. పాపం అన్నాక శిక్ష వస్తుంది. శిక్ష వెనక తప్పించుకోరాని విధి వస్తుంది. మన దేశంలో ఈ సరుకును దిగుమతి చేసుకోవలసిన అవసరం కూడా లేదు, పూర్వజన్మ కర్మ అనే పేరుతో కావలసినంత నిలవ వుంది. శరీరానికి చరిత్ర వున్నదనటం ఒకటి, శరీరానికి తలరాత వున్నదనటం మరొకటి. ఫ్లూ టీకా పొడిపించుకున్న మనిషి నెత్తుటిలో ఏం జరుగుతుందో తెలుసుకోవటానికి పట్టిన వంద సంవత్సరాల కథను చదువుతుంటే ఈ రెండు అభిప్రాయాల మధ్య పెనుగులాట నాకు అడుగడుగునా కనిపించింది. పైగా 'టీక' అనే మాట మా వృత్తిలోనూ వుంది. మాకు టీక అంటే వ్యాఖ్యానం, వైద్యుడికి టీకా అంటే సూదిమందు. రెండు మాటలకూ చుట్టరికం లేదు గాని, పాత టీక చేత పట్టుకుని కొత్త పద్యానికి అర్థం చెప్పబోయే విద్యార్థికీ, ఫ్రాన్సిస్ చూసిన నెత్తుటికీ పోలిక మాత్రం వుంది.

అమ్మవారు ఒకసారి పోసి బతికినవాడికి మళ్ళీ పొయ్యదని మన పల్లెల్లో అక్షరం ముక్క రాని ముసలమ్మలకు తెలుసు. శరీరం గుర్తుపెట్టుకుంటుందన్నది పాత సంగతే. ఎక్కడ గుర్తుపెట్టుకుంటుంది, ఎట్లా గుర్తుపెట్టుకుంటుంది అన్నదే తెలియదు. 1890లో బెర్లినులో బేరింగ్, కితసాతో అనే ఇద్దరు, ధనుర్వాతపు విషానికి తట్టుకున్న జంతువు నెత్తుటి ద్రవాన్ని వేరొక జంతువుకు ఎక్కించి, దానికీ ఆ రక్షణ వస్తుందని రుజువు చేశారు. ద్రవంలోని ఆ రక్షక పదార్థాన్నే ఇప్పుడు యాంటీబాడీ అంటున్నాం. ఏ పదార్థం మీదికి యాంటీబాడీ తయారవుతుందో ఆ పదార్థం యాంటిజెన్. దీన్ని తయారుచేసేది ప్లాస్మా కణం అని రూఢిగా చెప్పటానికి మాత్రం 1948 దాకా ఆగవలసి వచ్చింది. ఆ సంవత్సరం స్వీడనులో ఆస్ట్రిడ్ ఫాగ్రేయస్ అనే ఆమె తన డాక్టరేటు సిద్ధాంతవ్యాసంలో ఆ సంగతి నిరూపించింది. ఆమె పేరు మన పాఠ్యపుస్తకాల్లో నేనెక్కడా చూడలేదు.

ఇక్కడినుంచే అసలు వాదం మొదలవుతుంది. లోకంలో క్రిములు లెక్కలేనన్ని. ఇంతవరకు ఎన్నడూ చూడని క్రిమికి కూడా సరిగ్గా అతికే యాంటీబాడీని శరీరం ఎట్లా తయారుచేస్తుంది? 1940లో లైనస్ పౌలింగ్ ఒక జవాబు చెప్పాడు. యాంటీబాడీ మెత్తటి పదార్థం. అది వచ్చిన శత్రువుకు చుట్టుకుని దాని ఆకారాన్నే తన ఆకారంగా చేసుకుంటుంది, తాళంచెవిని సబ్బుమీద ఒత్తి అచ్చు తీసినట్టు. చూడటానికి చక్కటి జవాబు. బయటి ప్రపంచం శరీరానికి పాఠం చెబుతుంది, శరీరం నేర్చుకుంటుంది.

1957లో ఆస్ట్రేలియాలో మాక్‌ఫార్లేన్ బర్నెట్ దీన్ని తలకిందులు చేశాడు. దర్జీ కొలతలు తీసుకుని చొక్కా కుట్టినట్టు కాదు ఇది; కొట్టులో ముందే లక్షల చొక్కాలు వేలాడుతున్నాయి, వచ్చినవాడికి ఏది పడితే దాన్ని తీసి అదే రకం వేలకొద్దీ కుట్టిస్తారు అన్నాడు. అంటే, శత్రువు రాకముందే శరీరంలో రకరకాల కణాలున్నాయి. ఒక్కొక్క కణం ఒక్కొక్క రకం యాంటీబాడీనే చెయ్యగలదు. శత్రువు వచ్చి వాటిలో తనకు అతికే కణాన్ని ఎంపిక చేస్తుంది. ఆ కణం పిల్లలు పెట్టి పెరుగుతుంది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెర్నె 1955లోనే ఈ దారి చూపించివున్నాడు. బర్నెట్ చెప్పిన మరుసటి సంవత్సరమే నొసాల్, లెడర్‌బర్గ్‌లు ఒక్కొక్క కణాన్ని విడదీసి పరీక్షించి, ఒక కణం ఒకే యాంటీబాడీని చేస్తుందని చూపించారు. బయటి ప్రపంచం పాఠం చెప్పదు, ఎంపిక చేస్తుంది.

ఈ తేడా మన పాఠకులకు చిన్నదిగా తోచకూడదు. పరిసరాలు ప్రాణిని తమకు కావలసినట్టు మలుస్తాయనీ, ఆ మలుపు వంశపారంపర్యంగా దిగుతుందనీ చెప్పిన లైసెంకో 1948 ఆగస్టులో సోవియట్ వ్యవసాయ శాస్త్ర అకాడెమీలో గెలిచాడు. వాదంలో గెలవలేదు, ప్రభుత్వ బలంతో గెలిచాడు. అంతకు అయిదేళ్ళ ముందే, 1943లో, గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు వావిలోవ్ సరాతోవ్ జైల్లో చనిపోయాడు. లైసెంకోను సమర్థిస్తూ ఆ రోజుల్లో ప్రపంచమంతటా అభ్యుదయ పత్రికలు పేజీలు నింపాయి. ఎందుకు నింపాయంటే, 'పరిసరం మార్చు, ప్రాణి మారుతుంది' అనే మాట వినటానికి మన రాజకీయాలవలె వుంటుంది. వినటానికి మనదిగా వుండటం సత్యానికి రుజువు కాదు. శాంతి ఉద్యమంలో మనకు ఆప్తుడైన పౌలింగ్ ఈ విషయంలో పొరబడ్డాడు. సరిగ్గా చెప్పిన బర్నెట్ సంగతి ఏమిటి? 1947లో ఆయన తన దేశపు రక్షణశాఖకు రాసిన రహస్యపత్రం 2002లో పత్రికలకెక్కింది. ఆగ్నేయాసియాలోని జనసమ్మర్దం గల దేశాలమీద వాడటానికి రోగక్రిములను ఆయుధాలుగా తయారుచేసే విషయం ఆలోచించాలని అందులో సలహా ఇచ్చాడు. అటువంటి మనిషి చెప్పిన సిద్ధాంతం నిజమైంది. మన మిత్రుడు చెప్పినది కాలేదు. రచయిత వర్గాన్నిబట్టి రచనకు మార్కులు వేసే విమర్శకులు మనలో ఇంకా వున్నారు కనుక ఈ సంగతి ఇంత వివరంగా చెప్పవలసి వచ్చింది.

ఈ కణాలకు 'బి కణాలు' అనే పేరు కోళ్ళనుంచి వచ్చింది. కోడి తోకభాగంలో లోపల ఒక చిన్న సంచి వుంటుంది. బర్సా అంటారు. అది ఎందుకున్నదో ఎవరికీ తెలియదు. అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కోడిపిల్లలకు ఆ సంచి కోసి తీసేశాడు. తరవాత వేరొకరి తరగతిలో పాఠానికి ఆ కోళ్ళు అవసరమై వాడితే, వాటికి యాంటీబాడీలే పుట్టలేదు! పెద్ద పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పిపంపింది. 1956లో అది కోళ్ళ పెంపకంవారి పత్రికలో అచ్చయి చాలాకాలం ఎవరి కంటా పడకుండా వుండిపోయింది. మనుషుల్లో ఆ సంచి లేదు. మన బి కణాలు ఎముకమూలుగలో పుడతాయి. ఒక్కొక్క కణమూ పుట్టేటప్పుడే తన జన్యువుల ముక్కలను పేకముక్కలవలె కలుపుకుని తన రకాన్ని నిర్ణయించుకుంటుందని 1976లో జపాను శాస్త్రజ్ఞుడు తోనెగావా నిరూపించాడు.

ఇక ఫ్లూ సంగతి. 1933లో లండనులో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా అనే ముగ్గురు జబ్బుపడిన మనిషి గొంతు కడిగిన నీళ్ళను ఫెర్రెట్ల (మన ముంగిసవంటి జంతువుల) ముక్కుల్లో వేసి, ఫ్లూకు కారణం ఒక వైరస్ అని తేల్చారు. ఆ వైరస్‌ను కోడిగుడ్డులో పెంచవచ్చునని తెలిసిన తరవాత టీకాకు దారి ఏర్పడింది. కాని దారి వేయించినది జనారోగ్యం మీద ప్రేమ కాదు, యుద్ధం. 1918లో సిపాయిలు తుపాకి గుండ్లకు చచ్చినట్టే ఫ్లూతోనూ చచ్చారు. అది మళ్ళీ జరగకూడదని 1941లో అమెరికన్ సైన్యం ఫ్రాన్సిస్ అధ్యక్షుడుగా ఒక కమిషన్ వేసింది. పోలియో టీకాతో తరవాత పేరు పొందిన జోనస్ సాల్క్ ఆయన దగ్గర సహాయకుడు. 1943లో సైన్యం కోసం కాలేజీల్లో చదువుతున్న సుమారు పన్నెండున్నర వేలమంది యువకుల మీద వారు పరీక్ష జరిపారు. టీకా వేయించుకోనివారిలో నూటికి ఏడుగురికి జ్వరం వచ్చింది, వేయించుకున్నవారిలో ఇద్దరికి.

ఈ లెక్క అన్ని పుస్తకాల్లోనూ వుంటుంది. దానికి ముందు జరిగినది చాలా పుస్తకాల్లో వుండదు. 1942లో మిషిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటి అనే వూళ్ళోని పిచ్చాసుపత్రిలో రోగులకు ఆ టీకా వేసి, కొన్ని నెలల తరవాత కావాలని వాళ్ళ ముక్కుల్లోకి ఫ్లూ వైరస్ పిచికారీ చేశారు. తమకేం బాధగా వుందో సరిగా చెప్పుకోలేనివాళ్ళు కూడా వాళ్ళలో వున్నారు. వాళ్ళను ఎవరూ అడగలేదు. అడిగినా జవాబు చెప్పగల స్థితి కాదు. 'ఆదిపాపం' అనే మాట పట్టుకుని నేనిన్ని మాటలు రాస్తున్నాను గాని, ఫ్లూ టీకా చరిత్రలో పాపం అనదగినదేదైనా వుంటే అది కణాల్లో లేదు, ఆ ఆసుపత్రి గదుల్లో వుంది.

1947లో ఆ టీకా పనిచెయ్యలేదు. వేయించుకున్నవారికీ, వేయించుకోనివారికీ ఒకేమాదిరిగా జ్వరాలు వచ్చాయి. వైరస్ వేషం మార్చింది. ఫ్రాన్సిస్ బృందం పట్టుదలగా రకరకాల వయసులవారి నెత్తురు సేకరించి, 1930ల నాటి వైరస్‌తో, 1947 తరవాతి వైరస్‌తో, పందుల ఫ్లూ వైరస్‌తో కలిపి చూడటం మొదలుపెట్టింది. చిత్రమైన సంగతి బయటపడింది. ఏ ఈడువారిలో చూసినా, వారి పసితనంలో తిరిగిన వైరస్ మీదికే యాంటీబాడీలు అన్నిటికంటె ఎక్కువగా వున్నాయి. 1918 ప్రాంతంలో పసివాళ్ళుగా వున్నవారి నెత్తురు పందుల వైరస్‌ను గట్టిగా పట్టుకున్నది. 1918 వైరస్‌కు అది దగ్గరి చుట్టం కాబట్టి. కొత్త వైరస్‌తో టీకా వేస్తే కొత్తదాని యాంటీబాడీలతోపాటు పాతదాని యాంటీబాడీలు ఎగిసి లేచేవి. చెట్టును నరికి వలయాలు లెక్కపెట్టినట్టు, మనిషి నెత్తురు చూసి వాడు ఏ కాలపువాడో చెప్పవచ్చునన్నమాట!

ఇంత అందమైన విషయానికి పాపమనే పేరు ఎందుకు తోచిందో ఇప్పుడు ఊహించటం కష్టం కాదు. టీకా తయారుచేసేవాడి దృష్టిలో పాత జ్ఞాపకం ఒక అడ్డంకి. వాడు కొత్త పాఠం చెబుదామని వస్తే విద్యార్థి పాత పాఠం అప్పజెబుతున్నాడు. పౌలింగ్ లెక్కప్రకారం చూస్తే ఇది నిజంగా వింతే: సబ్బుమీద కొత్త చెవి ఒత్తితే పాత చెవి అచ్చు ఎందుకు పడుతుంది? బర్నెట్ లెక్కప్రకారం చూస్తే ఇందులో వింత లేదు. మొదటి జబ్బు ఎంపిక చేసిన కణాలు జబ్బు తగ్గాక అన్నీ చావవు. కొన్ని స్మృతికణాలుగా మిగిలిపోతాయి. ఎన్నడూ పోరు ఎరగని కొత్త కణంకంటె ఇవి సంఖ్యలో ఎక్కువ, కదలటంలో చురుకు. పాతదానిని కొంచెం పోలిన వైరస్ రాగానే ముందు లేచేవి ఇవే. ఇందులో పాపమూ లేదు, శిక్షా లేదు. ముందు వచ్చినవాడు ముందు వరసలో నిలబడటమే వున్నది.

ఆ లేవటాన్ని రోజులవారీగా చూడటం ఇరవయ్యొకటో శతాబ్దంలో సాధ్యపడింది. భుజానికి సూది వేస్తారు. మందులోని వైరస్ తునకలు చంకలోని లింఫు గ్రంథులకు చేరతాయి. చేతికి దెబ్బ తగిలి చీముపడితే చంకలో బిళ్ళ కట్టిందంటామే, ఆ బిళ్ళలే ఈ గ్రంథులు. అక్కడ స్మృతికణాలు తమకు తెలిసిన ముఖాన్ని గుర్తుపట్టి విభజన చెందుతాయి. ఏడోరోజుకు వాటి సంతతి నెత్తుటిలోకి వెల్లువగా వస్తుంది. రెండు వారాలకు మళ్ళీ మాయమవుతుంది. ఈ వెల్లువను పట్టుకుని కొలిచిన పరిశోధన 2008లో వెలువడింది. దానికి నాయకత్వం వహించినవారిలో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయపు రఫీ అహ్మద్ ఒకడు. ఆయన హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో 1968లో బి.ఎస్సి. పూర్తిచేసినవాడు. వారంరోజులు గడిచేసరికి నెత్తుటిలోని బి కణాల్లో నూటికి ఆరుదాకా ఈ కొత్త వెల్లువే వుండవచ్చునని వారు చూశారు. ఆ కణాలను ఒక్కొక్కటిగా ఏరి, వాటి జన్యువులతో యాభైకి పైగా యాంటీబాడీలను ప్రయోగశాలలో తయారుచేశారు. అవి పాత వైరస్‌ను పట్టుకున్నాయా, టీకాలోని వైరస్‌ను పట్టుకున్నాయా? చాలావరకు టీకాలోని వైరస్‌నే గట్టిగా పట్టుకున్నాయి. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో 'ఆదిపాపం' అంతగా కనిపించలేదని వారు రాశారు.

ఎందుకు కనిపించలేదు? స్మృతికణం రాతివిగ్రహం కాదు. లింఫు గ్రంథిలో కొన్నిచోట్ల ఈ కణాలు గుమికూడి, విభజన చెందుతూ తమ యాంటీబాడీ జన్యువుల్లో తామే మార్పులు తెచ్చుకుంటాయి. గుడ్డిగా తెచ్చుకుంటాయి; చాలా మార్పులు చెడగొట్టేవే. అతుకు మెరుగైన కణం నిలుస్తుంది, తక్కినవి చస్తాయి. డార్విను వేల సంవత్సరాల లెక్కన చెప్పినది చంకలోని బిళ్ళలో వారాల లెక్కన జరుగుతుంది. ఎల్లెబెడీ బృందం 2020లో ప్రకటించిన పరిశోధనలో, ఫ్లూ టీకా వేయించుకున్న ఎనిమిదిమంది చంకల గ్రంథుల్లోనుంచి సన్నటి సూదితో కణాలు తీసి చూస్తే, ముగ్గురిలో ఈ పని జరగటం కనిపించింది. అది తొమ్మిది వారాల తరవాత కూడా సాగుతూ వుంది. మిగిలిన అయిదుగురిలో పాత కణాలు పాత పద్ధతిలోనే జవాబు చెప్పి వూరుకున్నాయి కాబోలు. అంటే ఫ్రాన్సిస్ చూసినది అబద్ధం కాదు. జ్ఞాపకం బరువు నిజం. దాన్ని దాటి పోవటమూ నిజం.

జ్ఞాపకం బరువేకాదు, బలం కూడా. 2005లో అలాస్కా మంచుకింద పాతిపెట్టిన శవంనుంచీ, భద్రపరచిన కణజాలంనుంచీ జన్యువులు ఏరుకుని 1918 వైరస్‌ను తిరిగి తయారుచేశారు. మూడేళ్ళ తరవాత, ఆనాటి ఉపద్రవంలో బతికి బయటపడిన 32 మంది వృద్ధుల నెత్తురుతో ఆ వైరస్‌ను కలిపి చూశారు. వాళ్ళ వయసు 91 నుంచి 101 సంవత్సరాలు. తొంభై సంవత్సరాలు గడిచినా వారిలో ఆ వైరస్‌ను అణచగల యాంటీబాడీలున్నాయి. కొందరి నెత్తుటిలో వాటిని తయారుచేసే బి కణాలు సజీవంగా తిరుగుతున్నాయి. ఆ కణాల యాంటీబాడీలు ఎలుకలను 1918 వైరస్‌నుంచి కాపాడాయి. 2009లో కొత్త ఫ్లూ వచ్చినప్పుడు ముసలివాళ్ళకంటె పడుచువాళ్ళు ఎక్కువగా దెబ్బతినటానికీ కారణం ఇదే తీరున దొరికింది: ఆ వైరస్ తల 1918 సంతతిని పోలివుంది, ముసలివాళ్ళు పసితనంలో దాన్ని ఎరుగుదురు. ఇప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు పాపమనే మాట వదిలి 'ముద్ర' అంటున్నారు. ఆలస్యంగానైనా మంచి మాట.

అయితే ఈ ముద్రను పట్టుకుని అంతా నెత్తుటిలోనే వుందని చెప్పబోయేవారికి మన దేశపు 1918 ఒక్కటే సమాధానం. జూన్‌లో బొంబాయి రేవులో అడుగుపెట్టిన ఫ్లూకు దేశంలో ఎంతమంది బలి అయ్యారన్నదానిమీద చరిత్రకారుల అంచనాలు కోటీ ఇరవై లక్షలనుంచి రెండు కోట్లదాకా వున్నాయి. 1911-21 దశాబ్దంలో దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. హిందీ కవి నిరాలా భార్యనూ, ఇంటివారిలో మరికొందరినీ ఆ కొద్దివారాల్లోనే పోగొట్టుకున్నాడు. బొంబాయి నగరంలో చావులు కులంవారీగా లెక్కించారు. యూరోపియన్లలో వెయ్యికి 8.3. సవర్ణ హిందువుల్లో 18.9. తక్కువ కులాలవారని రాసుకున్న వారిలో 61.6. ఒకే వైరస్, ఒకే నగరం. ఇంతటి తేడాను బి కణాల చరిత్రతో ఎవరూ వివరించలేరు. ఇరుకు గది, ఖాళీ కడుపు, దాహమిచ్చే మనిషి లేకపోవటం — ఇవి సూక్ష్మదర్శినిలో కనిపించవు.

ఇంకొక సంగతి చెప్పి ఆపుతాను. టీకా వేశాక పుట్టిన ప్లాస్మా కణాల్లో కొన్ని ఎముకమూలుగకు చేరి అక్కడ కాపురం పెట్టి, యాంటీబాడీలు పోస్తూ వుంటాయి. అవి ఎంతకాలం వుంటాయన్నది చాలాకాలం ఊహగానే వుంది. ఎమరీలోనే రఫీ అహ్మద్ బృందం 53 మంది వాలంటీర్ల ఎముకమూలుగను టీకాకు ముందూ తరవాతా తీసి చూసి, 2020లో ఫలితం ప్రకటించింది. నెల తిరిగేసరికి కొత్త కణాలు అక్కడికి చేరాయి. సంవత్సరం తిరిగేసరికి చాలావరకు కనిపించకుండా పోయాయి. పసితనపు జబ్బు తొంభై యేళ్ళు నిలబడిన చోట, కోడిగుడ్డులో పెంచి చంపిన వైరస్ తునకలు ఒక్క సంవత్సరం నిలబడటంలేదు. అందుకే, వైరస్ వేషం మార్చకపోయినా, ఈ టీకాను ఏటేటా పొడిపించుకోవాలి. మన ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాల జాబితాలో ఇది లేదు. కొనుక్కోగలిగినవాడు కొనుక్కుంటున్నాడు.